మీరూ రండి

మా ఆయనకు వద్దు అనే మాట నోట రాదు. మా ఇంట్లో రెండు నీళ్ళ ఫిల్టర్లున్నాయి. మొదటిది చక్కగా పనిచేస్తుండగానే, గుమ్మంలోకి వచ్చిన ఇంకో కంపెనీ మనిషిని ఎండలో వెనక్కి పంపలేక కొన్నది రెండోది. ఆటోనగర్‌లో ఆయనకు లారీ విడిభాగాల షాపుంది. షట్టరు దించేశాక ఎవరైనా వచ్చి ఒక్క బోల్టు అడిగినా మళ్ళీ ఎత్తుతారు. లక్ష్మీకాంత్ గారంత మంచి మనిషి లేరని ఆటోనగర్ మొత్తం అంటుంది. ఆ మంచి మనిషితో కాపురం చేస్తున్నది నేను కాబట్టి, ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ మనిషికి నేనొక మాట చెప్పాలి. పిల్లల కోసం ఇంక ఆసుపత్రికి రాను, సూదులు వేయించుకోను అని. ఐవీఎఫ్ అప్పటికి మూడుసార్లు అయింది. పొట్ట మీద సూదులు, స్కానింగులు, మత్తు, ఎదురుచూపు, చివర్లో ఏడుపు. రెండోసారి నిలిచింది. మా అత్తగారు రావమ్మ గారు ఆనందం పట్టలేక వీధంతా పులిహోర పంచారు. రెండు నెలలు నిండకుండానే పోయింది. గిన్నెలు తిరిగివ్వడానికి వచ్చిన వాళ్ళందరికీ నేనే తలుపు తీశాను. ఒక్కొక్కరికీ జరిగింది చెప్పి గిన్నె అందుకున్నాను.

మూడోసారికి ముందే చెప్పబోయాను. "ఈ ఒక్కసారికి చూద్దాం దుర్గా" అన్నారు ఆయన. అంతలో ఫోను మోగింది, ఎవరికో క్లచ్ ప్లేట్లు అర్జంటుగా కావాలట. మా ఇంట్లో మాట్లాడుకోవడానికి చోటే లేదు. ఆయన షాపు నుంచి వస్తే అత్తగారు పక్కన కూర్చుని వడ్డిస్తారు. తినడం అవగానే హాల్లో టీవీ ముందు ఇద్దరూ కూర్చుంటారు. గదిలోకి వచ్చేసరికి ఆయన కళ్ళు మూతలు పడిపోతుంటాయి. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా, మేమిద్దరమే ఓ గంటసేపు కూర్చున్న రోజు నాకు గుర్తు లేదు.

నాలుగోసారికి డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. ఫలానా బుధవారం పొద్దున సూదులు మొదలుపెట్టాలి, ఆ రోజు దాటితే ఆ నెల వృథా అని గట్టిగా చెప్పింది. ఇంటికి వస్తూ గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్స్ ఆఫీసు బోర్డు చూసి ఆటో దిగిపోయాను. బోర్డు మీద కొండల నిండా తేయాకు తోటలు, మధ్యలో తెల్ల బంగళా, దాని ముందు రెండంటే రెండే కుర్చీలు. నాకు ఆ రెండు కుర్చీలే కనబడ్డాయి. మున్నార్‌లో తెల్లదొరల కాలం నాటి బంగళా, వంటకు మనిషి, వడ్డనకు బట్లరు, తోటలో మాకోసమే గైడు, లాన్ మీద కొవ్వొత్తుల భోజనం. సోమవారం నుంచి గురువారం దాకా ఇద్దరికీ బుక్ చేసేశాను. బుధవారం మధ్యలోనే ఉండేట్టు చూసుకున్నాను. సూది మందు విజయవాడలో ఫ్రిజ్‌లో ఉంటుంది, నేను కొండ మీద ఉంటాను. ఆ నెల దాటిపోతుంది. ఈలోగా తీరిగ్గా కూర్చోబెట్టి మనసులో మాట చెప్పేస్తాను. అదీ నా పథకం.

ఆయన ఒప్పుకున్నారు. ఒప్పుకోకేం చేస్తారు, ఎవరేం అడిగినా ఒప్పుకుంటారు కదా. ఆ ఆదివారం గుంటూరు నుంచి మా ఆడపడుచు వినీల ఫోన్ చేసింది. మున్నార్ వెళ్తున్నామని చెప్పి, చివర్లో ఆయన "మీరూ రండి" అన్నారు. మా వైపు మీరూ రండి అనడం మర్యాద. అబ్బే, మాకెక్కడ కుదురుతుంది అని అవతలివాళ్ళు అనడం కూడా మర్యాదే. వినీల మాత్రం కుదురుతుందంది. ఆమె భర్త జయకృష్ణకు సెలవులున్నాయట, అయిదేళ్ళ కూతురు కీర్తన కొండలు చూడలేదట. వాళ్ళొస్తుంటే అత్తగారిని ఇంట్లో ఎలా వదిలేస్తాం? ఇద్దరి ప్రయాణం ఆరుగురిదైంది. బంగళాలో మిగిలిన రెండు గదులు కూడా మాకే తీసుకోవాల్సి వచ్చింది. అత్తగారికి విమానమంటే భయం కాబట్టి విమానం టికెట్లు రద్దుచేసి రైలెక్కాం.

నాకు ఏడుపొచ్చింది. ఆయన మొహమాటాన్ని తిట్టుకున్నాను. అయినా జాలి పడ్డాను కూడా. పాపం, నోరు జారింది, ఇప్పుడు ఎలా వెనక్కి తీసుకుంటారు అనుకున్నాను.

సామాను చూస్తే మేం విహారయాత్రకు వెళ్తున్నట్టు లేదు, కాపురం మారుస్తున్నట్టుంది. రెండు రకాల ఆవకాయ, కందిపొడి, నెయ్యి, మైలవరం తోట నుంచి అత్తగారు తెప్పించిన మామిడి తాండ్ర. వీటన్నిటికీ తోడు నీలం రంగు ఐసుపెట్టె ఒకటి. అందులో పెరుగుందన్నారు అత్తగారు. అరవదేశంలో గానీ, మలయాళ దేశంలో గానీ మన పెరుగు దొరకదని ఆమె నమ్మకం. ఆ పెట్టెను మా ఆయన దారి పొడుగునా ఎవరి చేతికీ ఇవ్వలేదు. తల్లి మాట మీద అంత భక్తి చూసి నవ్వుకున్నాను.

ఎర్నాకుళంలో దిగి వ్యాన్‌లో కొండ ఎక్కుతుంటే తేయాకు తోటలు మొదలయ్యాయి. మా వైపు నారుమళ్ళంత ఒత్తుగా, కనుచూపు మేర కొండల మీదికి ఎగబాకి ఉన్నాయి. గాలి చల్లగా తగులుతుంటే నాలో నాకే ధైర్యం వచ్చింది. అత్తగారు కిటికీలోంచి కాసేపు చూసి, ఇవి కాపుకొస్తాయా అని మా ఆయన చేత డ్రైవర్‌ను అడిగించారు. కాయ పనికిరాదు, ఆకే కోస్తారు అన్నాడు అతను. "కాపు లేని చెట్టుకు ఇంత సేవా" అన్నారు ఆమె, నా వైపు చూడకుండా. మా చుట్టాల్లో నన్ను ఏదో ఒక చెట్టుతోనో చేనుతోనో పోల్చని మనిషి లేరు. ఈ ఏడు పూత నిలవలేదు, వచ్చే ఏడు నిలుస్తుంది అంటారు. నేను మామిడితోటను కాదు. ఈ ముక్క ఎవరితోనూ అనలేదు, వ్యాన్‌లో కూడా అనలేదు.

బంగళా బోర్డు మీద ఉన్నట్టే ఉంది. నున్నటి చెక్క నేల, గదిలో చలి కాచుకోవడానికి నిప్పుగూడు, మంచం మీద మల్లెపువ్వులాంటి దుప్పటి. బట్లరు వంగి దండం పెట్టి, మా ఆయన చేతిలోంచి ఐసుపెట్టె అందుకోబోయాడు. ఈయన ఇవ్వలేదు. స్వయంగా వంటింట్లోకి మోసుకెళ్ళి చాలాసేపటికి బయటికి వచ్చారు. లాన్ మీద రెండే రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకదాంట్లో అత్తగారు, రెండోదాంట్లో జయకృష్ణ కూర్చుని కాళ్ళు చాపుకున్నారు.

పడక గదుల పంపకం అత్తగారే చేశారు. చిన్నపిల్ల పక్కలో పడుకుంటే మంచిదంటూ కీర్తనను మా మంచం మీదికి పంపారు. ఎందుకు మంచిదో అందరికీ తెలుసు. కీర్తన మా ఇద్దరి మధ్య అడ్డంగా పడుకుని, ఒక కాలు నా మీద, ఒక చెయ్యి వాళ్ళ మామయ్య మీద వేసింది. ఆ పిల్లంటే నాకు ప్రాణం. ఆ పిల్లను పక్కకు జరపాలనిపించినందుకు నా మీద నాకే అసహ్యమేసింది.

మంగళవారం పొద్దున మా ఇద్దరికని చెప్పి బుక్ చేసిన తోట నడకకు ఆరుగురం వెళ్ళాం. గైడు ఇంగ్లీషులో చెబుతుంటే మా ఆయన ప్రతి మాటా ఆగి తల్లికి తెలుగులో చెప్పారు. మధ్యాహ్నం టీ రుచి చూపించే గది. పొడుగాటి బల్ల మీద వరసగా తెల్ల కప్పులు, ఒక్కో కప్పులో ఒక్కో రంగు నీళ్ళు. చెంచాతో జుర్రుమని పీల్చి, నోట్లో తిప్పి, పక్కనున్న పాత్రలో ఉమ్మాలట. డబ్బు పెట్టింది ఉమ్మడానికా అని జయకృష్ణ అన్నీ మింగేశాడు. అత్తగారు పాలూ పంచదారా వేసి ఒక్కటి కాచి ఇమ్మన్నారు. అందరూ నవ్వుతున్నప్పుడు నేను మా ఆయన చొక్కా పట్టుకుని, మీతో మాట్లాడాలి, బయటికి రండి అన్నాను. వస్తున్నాననే అన్నారు. మళ్ళీ చెల్లెలు పిలిస్తే అటు వెళ్ళారు.

సాయంత్రం కొవ్వొత్తుల భోజనం. చిన్న గుండ్రటి బల్ల, దాని మీద గులాబీలు, రెండు పళ్ళేలు. నేను చీర మార్చుకుని వచ్చి కూర్చున్నాను. ఆయన వచ్చి ఎదురుగా కూర్చుని, అటూ ఇటూ చూసి, వరండాలో ఉన్నవాళ్ళను "మీరూ రండి, చలిగా లేదు" అని పిలిచారు. కుర్చీలు వచ్చాయి. ఆవకాయ సీసా వచ్చి గులాబీల పక్కన కూర్చుంది. నేను కొవ్వొత్తి వైపు చూస్తూ, ఏడవకూడదు, ఏడవకూడదు అనుకుంటూ అన్నం తిన్నాను. ఒక్కటే ఆశ మిగిలింది. మాట చెప్పలేకపోయినా, రేపు బుధవారం గడిచిపోతుంది. ఈ నెలకు గండం గడిచినట్టే.

బుధవారం తెల్లారగానే వేడినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళాను. వంటాయన పాల కోసం ఫ్రిజ్ తలుపు తీశాడు. పెరుగు గిన్నె కనబడింది. దాని పక్కన నా పేరు రాసిన అట్టపెట్టె. ఆ అట్టపెట్టె నాకు బాగా తెలుసు. మూడుసార్లు మా ఇంటి ఫ్రిజ్‌లో, గుడ్ల అర కింద, అదే చోట ఉండేది.

ఇది ఎవరిచ్చారని అడిగాను. సారే ఇచ్చారు, ఫ్రీజర్‌లో పెట్టొద్దని మరీమరీ చెప్పారు అన్నాడు వంటాయన, తను జాగ్రత్తగానే పెట్టానన్నట్టు. వినీల పెళ్ళికి ముందు నర్సుగా చేసింది. ఇంతకుముందు మూడుసార్లూ గుంటూరు నుంచి వచ్చి నాకు సూదులు వేసింది తనే. ఎవరి నోరూ జారలేదు. మర్యాదకు అన్న మాటా కాదది. సూది వేయడానికి మనిషి కావాలని పిలిచారు. ఇన్ని రోజులు నేను జాలిపడింది మొహమాటానికి కాదు.

అట్టపెట్టె తీసుకుని బయటికి నడిచాను. ఆయన లాన్ చివర ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం చూస్తున్నారు. రండి అన్నాను. నా చేతిలో ఉన్నది చూసి, నా వెనకే వచ్చారు. తేయాకు మొక్కల మధ్య సన్నటి బాట. బంగళా కనబడనంత దూరం నడిచి ఆగాను.

"ఇది ఎప్పుడు సర్దారు?"

"బయల్దేరే రోజు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే నువ్వు రావు కదా" అన్నారు తల దించుకుని. "నా చేతులు వణుకుతాయి దుర్గా. వినీలైతే నీకు నొప్పి తెలీకుండా వేస్తది."

నొప్పి తెలియకుండా. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎన్నాళ్ళుగానో లోపల వల్లె వేసుకున్న మాటలన్నీ ఉన్నాయి. ఎలా మొదలుపెట్టాలో, ఏది ముందు చెప్పాలో అన్నీ అనుకుని పెట్టుకున్నాను. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నేను వేయించుకోనండీ" అన్నాను. "ఇవాళొక్కటే కాదు, ఇంకెప్పుడూ వేయించుకోను. పిల్లలంటే ఇష్టం లేక కాదు. ఇంకోసారి పోయిందంటే నేను మనిషిగా లేవను. నన్ను వదిలెయ్యండి."

"ఈ ఒక్కసారికి..."

"ఆ మాట అనకండి."

ఆయన బాట పక్కన రాయి మీద కూర్చున్నారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఆ చేతులకేసి చూసుకున్నారు. నిజంగానే వణుకుతున్నాయి. ఆయన కోపం తెచ్చుకుంటారని, బతిమాలతారని, అమ్మకేం చెప్పాలంటారని అనుకున్నాను. అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి.

"ఇది కూడా మానేస్తే మనిద్దరం ఏం మాట్లాడుకుంటాం దుర్గా?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఆయనే మళ్ళీ అన్నారు.

"ఆసుపత్రికి వెళ్ళేటప్పుడు కార్లో మాట్లాడుకుంటాం. రిపోర్టులొచ్చినప్పుడు మాట్లాడుకుంటాం. నువ్వు ఏడిస్తే పక్కన కూర్చుంటాను. అది తప్పితే నీ దగ్గర కూర్చోడానికి నాకు వంకేది? నాలుగు రోజులు మనిద్దరమేనని నువ్వు చెప్పినప్పుడు నాకు భయమేసింది. సూది కోసం వినీలొక్కతి చాలు. అందర్నీ పిలిచింది ఆ భయానికే."

నాకు కోపం రావాలి. ఎంతో కోపం రావాలి. రాలేదు. భయమేసింది, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. నేను చెప్పాలనుకున్న మాట గురించే ఇన్నాళ్ళూ ఆలోచించాను. చెప్పాక ఆ మర్నాడు ఏం చేస్తాం, ఆ తర్వాతి రోజు ఏం చేస్తాం, అది నేనూ అనుకోలేదు. దూరంగా ఆకు కోసే ఆడవాళ్ళ మాటలు వినబడుతున్నాయి. ఏదో విషయానికి తెరిపి లేకుండా మాట్లాడుకుంటున్నారు. మేమిద్దరం వింటూ ఉండిపోయాం.

"వదినా, టైమవుతోంది" అని బంగళా వైపు నుంచి వినీల పిలిచింది.

వరండాలో అన్నీ సిద్ధం చేసి ఉన్నాయి. బల్ల మీద తెల్ల తువ్వాలు, దూది, స్పిరిట్ సీసా. అత్తగారు కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారు. జయకృష్ణ కూతురిని తీసుకుని మర్యాదగా పక్కకు తప్పుకున్నాడు. వినీల చేతులు కడుక్కుని వచ్చి, రా వదినా అని నవ్వింది. వినీల చెయ్యి నిజంగా తేలిక. అదే నాకు కష్టమైంది.

"నేను వేయించుకోను వినీలా" అన్నాను. అట్టపెట్టె తువ్వాలు మీద పెట్టాను. మాట పూర్తిగానే వచ్చింది.

వినీల తల్లి వైపు చూసింది. అత్తగారు కళ్ళు తెరిచారు. ఇంత దూరం మోసుకొచ్చాం కదే అన్నారు మెల్లగా, నన్ను కాదు, ఆ పెట్టెను చూస్తూ. తర్వాత కొడుకు వైపు తిరిగారు. "ఏరా, నువ్వేమనవా?"

ఆయన మెట్ల కింద నిలబడి ఉన్నారు. అందరం ఆయననే చూశాం. ఏ మాట వస్తుందో నాకు తెలుసనిపించింది. అమ్మ అడిగింది, చెల్లెలు సూది పట్టుకుని ఉంది, డాక్టరమ్మ తేదీ ఇచ్చింది. అంతమందిని కాదనడం ఆయన పుట్టుకలో లేదు. నా చేతులు వాటంతటవే పొట్ట మీదికి వెళ్ళి చీర పట్టుకున్నాయి.

"వద్దులేమ్మా" అన్నారు.

అత్తగారికి వినబడలేదు. ఏంటని అడిగారు.

"వద్దమ్మా. దుర్గ వద్దంటంది. ఇంక వద్దు."

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయారు. ఆమె ఏడుపు చెక్క గోడల్లోంచి వినబడుతూనే ఉంది. ఆ ఏడుపు అన్యాయమైనదని నేననలేను. ఇంటికి వెళ్ళాక ఆ ఏడుపుతోనే నేను రోజూ బతకాలి, తెలుసు. వినీల దూది, స్పిరిట్ మళ్ళీ సంచిలో సర్దింది. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద ఒకసారి చెయ్యి వేసి తీసేసింది.

కాసేపటికి వ్యాను వచ్చింది. ఆ రోజు చెరువు చూడ్డానికి, పడవ ఎక్కడానికి వెళ్ళాలి. కీర్తన ఒక్కతే ఆ ఇంట్లో ఉత్సాహంగా ఉంది. జయకృష్ణ అత్తగారిని బతిమాలి బండి ఎక్కించాడు. ముందు సీటు తలుపు తెరిచి పట్టుకుని, రా బావా అని మా ఆయన్ను పిలిచాడు. కీర్తన కిటికీలోంచి నన్ను పిలిచింది.

"మీరు వెళ్ళండి" అన్నారు ఆయన. "మేం ఇక్కడే ఉంటాం."

ఒక్క పూటలోనే రెండుసార్లు కాదన్నారు. నుదురంతా చెమట పట్టింది, ఆ చలిలో. వ్యాను వంపు తిరిగి కనబడకుండా పోయేదాకా ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. అప్పుడు లాన్ మీద ఆ రెండు కుర్చీలూ ఖాళీగా కనిపించాయి. వెళ్ళి కూర్చున్నాం. ఎదురుగా కొండ, కొండ నిండా తేయాకు. ఏదో ఒకటి అనాలి. ఆయన గొంతు సవరించుకున్నారు. నేను చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను. ఈ కుర్చీల కోసం నేను ఎంత తపించానో, ఇప్పుడు వీటిలోంచి లేచి పారిపోవాలని అంతే ఉంది.

బట్లరు వచ్చి, మేడమ్ గారికి టీయా, కాఫీయా అని ఆయన్ను అడిగాడు. ఆ బంగళాలో ఆడవాళ్ళ సంగతి మగవాళ్ళనే అడుగుతారు. ఆయన నోరు తెరిచి మళ్ళీ మూశారు. బట్లరు నిలబడే ఉన్నాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"నువ్వేం తాగుతావు?" అని నన్ను అడిగారు.

ఎనిమిదేళ్ళు. ఇంట్లో ఎవరి గ్లాసు వాళ్ళకు అత్తగారు తెచ్చి ఇస్తారు, అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. నా గర్భసంచి కొలతలు ఆయనకు కంఠోపాఠం. నేను ఏం తాగుతానో తెలియదు. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా బయటికి వచ్చేసింది, పరాయి మనిషి ఎదురుగానే ఏడ్చేశాను. ఆయన కంగారు పడలేదు, ఫోను తీయలేదు, ఎవరినీ పిలవలేదు. నేను ఆపేదాకా అలాగే కూర్చున్నారు.

"కాఫీ" అన్నాను.

"పంచదార?"

"ఒకటిన్నర చెంచా."

"ఒకటిన్నర" అన్నారు బట్లరుతో. వాడు వెళ్ళిపోయాక, నా వైపు చూడకుండా, ఇంకోసారి తనలో తను అనుకున్నారు. కాఫీ వచ్చేదాకా మా ఇద్దరికీ ఇంకో మాట దొరకలేదు.